తాళం వేసే ముందు

ఆళ్లగడ్డ,
ఫిబ్రవరి 11, మంగళవారం.

రుక్మిణి గారికి,

మీ స్థానంలో చేరిన శ్రీకాంత్‌ను. మద్దిలేటయ్య స్మారక గ్రంథాలయం ఆళ్లగడ్డ శాఖ తాళాలు నా చేతికి వచ్చి ఎనిమిది రోజులయింది. మీకు మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ "ఎవరూ? ఎవరూ?" అని పెట్టేశారు. అందుకని, ప్రతి మంగళవారం నంద్యాల ప్రధాన గ్రంథాలయం నుంచి పుస్తకాలు తెచ్చే మనోజ్ అన్న సంచిలో ఈ ఉత్తరం వేస్తున్నాను.

మీరు బీరువాకు అంటించి పోయిన కాగితం చదివాను. తెరవడానికి ఏడు పనులు, మూయడానికి ఏడు పనులు. వీధివైపు కిటికీలు ముందు, దొడ్డివైపువి తర్వాత. పేపర్లకు ముద్ర వేసి కర్రలకు ఎక్కించడం. రిజిస్టరులో తేదీ కింద ఎర్రగీత. మూసేటప్పుడు కర్రలు లెక్కపెట్టడం, కుండలో మిగిలిన నీళ్లు పారబోసి బోర్లించడం, మెయిన్ స్విచ్ ఆపడం. ఇవన్నీ ఒప్పుకుంటాను. శ్రమకు క్రమం ఉండాలి.

కానీ పదమూడోది ఏమిటండీ? "తాళం వేసే ముందు ప్రతి కుర్చీ వీపునూ చేత్తో తాకాలి. ఎవరినీ పిలవకూడదు." ముప్పై రెండు కుర్చీలు! ఇది గ్రంథాలయమా, ప్రదక్షిణలు చేసే గుడా? శాస్త్రీయ దృక్పథం మీద నేను పన్నెండు కరపత్రాలు చదివాను. రెండు స్వయంగా రాశాను. ఏ ఒక్కదాంట్లోనూ కుర్చీలను నిమరమని లేదు.

నేనేం చేస్తున్నానో చెబుతాను. పొద్దున ఎనిమిదికి తెరవడం. పది యాభై అయిదుకు గుమ్మంలో నిలబడి "టైమైంది! ఎవరన్నా ఉన్నారా?" అని ఒక్క కేక. పదకొండుకు తాళం. మళ్లీ సాయంత్రం నాలుగుకు తెరవడం, ఏడుకు మూయడం. గ్రంథాలయం ప్రజల సొత్తు. గడియారానికి చుట్టాలు ఉండరు. మీ కాలంలో పదకొండు ఇరవై దాకా తలుపులు బార్లా తెరిచి ఉండేవని విన్నాను. ఇక ఉండవు.

పదమూడో నియమానికి కారణం ఏదైనా ఉంటే తెలియజేయగలరు. లేకపోతే దాన్ని కొట్టేస్తాను.

ప్రజాసేవలో,
శ్రీకాంత్.


నంద్యాల,
ఫిబ్రవరి 17.

శ్రీకాంత్ గారికి,

ఉత్తరం అందింది. నాకు చెవులు సరిగా వినపడవు. మనిషి ఎదురుగా ఉంటే పెదవులు చూసి తెలుసుకుంటాను. ఫోనుకు పెదవులు లేవు. మీరు రాయడమే మేలు.

కేక వేస్తే జవాబు రావాలి. జవాబు వచ్చినా నాకు వినపడదు. అందుకని గొంతుకు బదులు చెయ్యి వాడాను. ఇది మొదటి కారణం. రెండోది కూడా ఉంది. మీరు అడిగే తీరు మారితే చెబుతాను.

ఇక్కడ నన్ను బైండింగు గదిలో వేశారు. చినిగిన పుస్తకాలు, జిగురు గిన్నె, నేను. తాళాలు సుకన్య అనే అమ్మాయి దగ్గర ఉంటాయి. పందొమ్మిదేళ్ల అలవాటు కదా, నేను ఏడున్నరకే వచ్చి గేటు బయట నిలబడతాను. సుకన్య ఎనిమిదికి వచ్చి "ఎందుకమ్మా ఇంత పొద్దున్నే?" అంటుంది. నవ్వి ఊరుకుంటాను. అహోబిలంలో మా ఇంట్లో మగవాళ్లందరిదీ గుడి కైంకర్యమే. తలుపు తీయడం కూడా ఒక పనే అని చిన్నప్పుడే నేర్పారు. ఇప్పుడు తీయడానికి తలుపు లేదు.

ఒకటి అడుగుతాను. కృపావరం వస్తున్నాడా? చాగలమర్రి రోడ్డులో పత్తి గోడౌనుకు రాత్రి కాపలా. ఎనిమిది పదికి వస్తాడు. నాకు బదిలీ కాగితం ఇచ్చిన సాయంత్రమే బయల్దేరమన్నారు. అతనికి చెప్పి రాలేకపోయాను.

రుక్మిణి.


ఆళ్లగడ్డ,
మార్చి 4.

రుక్మిణి గారికి,

మీ కృపావరం వస్తున్నాడు. వచ్చి పేపరు ముందు పెట్టుకుని హాయిగా నిద్రపోతున్నాడు! వారం రోజులు ఓర్చుకున్నాను. నిన్న ఓర్చుకోలేదు. భుజం మీద తట్టి గట్టిగా పిలిచాను.

"ఏమప్పా, లెయ్! లైబ్రరీ అనుకున్యావా, సత్రం అనుకున్యావా?"

ఆ మనిషి "ఎవరదీ!" అని అరుస్తూ ఎగిరి లేచి, చేతిలో లేని కర్రను పైకెత్తాడు. పేపర్లు చదివేవాళ్లు పకపకా నవ్వారు.

"కండ్లు మూతపడినాయి సామీ. రేయంతా మేలుకోనుంటాను" అన్నాడు, చేతిని దించుకుంటూ.

"అయితే ఇంటికి పోయి పండుకో. ఈడ చదివేటోళ్లు కూచోవాల."

"నాది రేకుల రూము సామీ. పొద్దెక్కితే పెనం మాదిరి అయితాది. ఈడైతే గాలి ఆడ్తాది."

"గాలికే అయితే చెట్టు కిందికి పో. బేగా కదులు."

కదిలాడు. గుమ్మం దగ్గర ఆగి, "అమ్మ యాడికి పోయింది?" అన్నాడు. బదిలీ అన్నాను. "ఎందుకు?" అన్నాడు. నాకేం తెలుసన్నాను.

నన్ను అపార్థం చేసుకోవద్దు. నేను శ్రామికుల పక్షం. ఎనిమిది గంటల పనిదినం గురించి అడగండి, గంటసేపు ఆపకుండా మాట్లాడతాను. కానీ చదువుల చోటు చదువులకే ఉండాలి. "ఇచ్చట నిద్రించరాదు" అని ఎర్ర అక్షరాలతో బోర్డు రాసి తగిలించాను. నా చేతిరాత బాగుందని అందరూ అన్నారు. అందరూ అంటే ఇద్దరు.

సాయంత్రం పూట మనుషులే ఉండరు. నిన్న నాలుగు నుంచి ఏడు దాకా ఎవరూ రాలేదు. అయినా ఏడుకు గుమ్మంలో నిలబడి "ఎవరన్నా ఉన్నారా?" అని కేక వేశాను. నియమం కదా.

శ్రీకాంత్.


నంద్యాల,
మార్చి 10.

శ్రీకాంత్ గారికి,

అడిగే తీరు మారలేదు. అయినా చెబుతాను. కారణం మీరే కళ్లారా చూశారు. లేని కర్రను ఎత్తాడు కదా.

ఇరవై రెండేళ్లుగా రాత్రుళ్లు కాపలా కాసే మనిషి. నిద్రలో పిలిచినా, ఒంటి మీద చెయ్యి వేసినా దొంగ వచ్చాడనుకుంటాడు. నేను కుర్చీ వీపు మీద చెయ్యి పెట్టేదాన్ని. కుర్చీ కాస్త కదిలితే చాలు, మెల్లగా కళ్లు తెరిచేవాడు. ఎక్కడున్నాడో చూసుకునేవాడు. "టైమైందామ్మా" అనేవాడు. ముఖం కడుక్కుని, రిజిస్టరులో పోయిన వేళ రాసి వెళ్లేవాడు. మీరు విన్న ఆ ఇరవై నిమిషాలు ఇవే.

ఒక్క కుర్చీకి ముప్పై రెండు ఎందుకు తాకడం అంటారు. అతని కుర్చీ ఒక్కటే తాకితే, నిద్రపోయింది అతనొక్కడే అని నలుగురికీ తెలుస్తుంది. అందరివీ తాకితే అది నా చాదస్తం అనుకుంటారు. అనుకున్నారు కూడా. నాకేం నష్టం?

అతను వచ్చేది నిద్ర కోసమే కాదు. యాభై దాటాక ఆ బల్ల దగ్గరే అక్షరాలు నేర్చుకున్నాడు. జిల్లా పేజీ మీద వేలు పెట్టుకుని గంటసేపు చదువుతాడు. ఆ తర్వాతే కళ్లు మూతపడతాయి. మీరు బోర్డు మీద రాసిన అక్షరాలు కూడా కూడబలుక్కుని చదివే ఉంటాడు.

నేను నంద్యాలలో ఉన్నానని అతనితో చెప్పండి. అంతే.

రుక్మిణి.


ఆళ్లగడ్డ,
ఏప్రిల్ 15.

రుక్మిణి గారికి,

నెల దాటింది రాసి. మీరు కోపంగా ఉన్నారని మీ అక్షరాలే చెప్పాయి. అయినా నా అభిప్రాయం మారలేదు. ఒక మనిషి కోసం నియమం వంగితే రేపు పది మంది కోసం వంగాలి.

ఏమైనా బోర్డు పనిచేసింది. కృపావరం ఇప్పుడు కుర్చీలో నిద్రపోవడం లేదు. ఎనిమిది పదికి వస్తాడు, సంతకం పెడతాడు, నాకేసి చూడకుండా పేపరు చదువుతాడు. తొమ్మిదిన్నర దాటాక కనబడడు. ఎప్పుడు లేచి పోతాడో తెలియదు. రిజిస్టరులో పోయిన వేళ గడి మాత్రం ఖాళీగా వదిలేస్తున్నాడు. నాకు మిగిలిన కోపం అదొక్కటే. మీ సంగతి అతనికి చెప్పే సందర్భం రాలేదు.

ఎండలు ముదిరాయి. పరీక్షల పిల్లలు రావడం మానేశారు. ఇంట్లో మా నాయన సుబ్బయ్యకు నాతో మాటల్లేవు. ఉన్న ఎనిమిదెకరాలు వదిలేసి తాళం చెవులు మోసుకుని తిరుగుతున్నానని ఆయన బాధ. అమ్మ కంచం ముందు పెట్టి "తిను" అంటుంది. ఆ ఇంట్లో నాకు దక్కే మాట రోజుకు అదొక్కటి. లైబ్రరీలోనైనా ఎవరితోనైనా వాదిద్దామంటే, చదివే వాళ్లు తలెత్తరు. నిశ్శబ్దం పాటించండి అని గోడ మీద నేనే రాసి పెట్టాను.

మంగళవారం మనోజ్ అన్న సంచి దించగానే, పుస్తకాల కంటే ముందు కవరు కోసం వెతుకుతున్నాను. ఇది నా బలహీనత. ఒప్పుకుంటున్నాను.

ఇంకొకటి రాయాలనుకున్నాను. మరోసారి.

శ్రీకాంత్.


ఆళ్లగడ్డ,
మే 13.

రుక్మిణి గారికి,

ఇక్కడ అంతా క్షేమం. గురువారం ఒక చిన్న సంగతి జరిగింది, సర్దుకుంది. మీరేమీ ఆందోళన పడనవసరం లేదు. కృపావరం ఆ తర్వాత రాలేదు. ఎండకు అయి ఉంటుంది.

రిజిస్టరులో ఒక అంకె తప్పు పడితే దిద్దే పద్ధతి ఏమిటి? మీరు ఎప్పుడైనా దిద్దారా?

శ్రీకాంత్.


నంద్యాల,
మే 19.

శ్రీకాంత్,

పందొమ్మిదేళ్లలో నేను ఒక్క అంకె దిద్దలేదు.

గురువారం ఏం జరిగింది? ఏ అంకె? అతను వారం రోజులుగా రాకపోతే ఇంటికి వెళ్లి చూశావా?

జవాబు సంచి కోసం ఆపకు.

రుక్మిణి.


ఆళ్లగడ్డ,
మే 20.

అమ్మా,

ఇలా పిలిచే అర్హత నాకు లేదు. అయినా ఈ ఉత్తరం రాయాలంటే మేడం అని మొదలుపెట్టలేకపోయాను. రాసిన వెంటనే పోస్టాఫీసుకు పోయి వేసి వస్తాను.

మే ఎనిమిది, గురువారం. పది యాభై అయిదుకు గుమ్మంలో నిలబడి కేక వేశాను. జవాబు లేదు. కర్రలు లెక్కపెట్టాను. కుండలో నీళ్లు పారబోసి బోర్లించాను. కిటికీలన్నీ మూసి మెయిన్ ఆపాను. పదకొండుకు తాళం వేసి రెండుసార్లు లాగి చూశాను. పదమూడోది తప్ప మీరు రాసినవన్నీ చేశాను.

నాలుగుకు తాళంలో చెవి తిప్పుతుంటే లోపలినుంచి "ఎవరదీ!" అని అరుపు వినిపించింది.

"నేనే, శ్రీకాంత్‌ను" అన్నాను.

"నువ్వా. దా అయితే" అన్నాడు.

తలుపు తీశాను. కృపావరం గడప దగ్గరే నేల మీద కూర్చుని ఉన్నాడు, తలుపు కింది సందులోంచి వచ్చే గాలికి. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. పెదవులు తెల్లబారాయి. నేను కుర్చీల్లో నిద్ర కూడదన్నాను కదా, అతను ఇన్నాళ్లూ చివరి బీరువాల వెనక, పాత వారపత్రికల కట్టల పక్కన నేల మీద పడుకుంటున్నాడు. నిద్ర లేచి, నేను వీధివైపు కిటికీలు మూస్తున్నప్పుడు నా కళ్లబడకుండా పోతున్నాడు. ఆ రోజు లేవలేదు. నా కేక ఆ కట్టలు దాటి పోలేదు. తాళం పడ్డ చప్పుడుకు లేచాడట.

"అరిచినా. ఎండకు రోడ్డు మీద పురుగు కూడా లేదు."

"అద్దం పగలగొట్టొచ్చు గదా!" అన్నాను. నేనే అరిచాను అమ్మా, అతని మీద!

"ఇరవై రెండేండ్లు అద్దాలు పగలకుండా చూసే పని నాది. నేనే పగలగొడ్తానా?"

లేచాడు. గోడ పట్టుకుంటేగాని కాళ్లు నిలవలేదు. బల్ల దగ్గరికి పోయి, దారంతో కట్టిన పెన్ను తీసుకుని, పోయిన వేళ గడిలో 4.05 అని రాశాడు. నాలుగు గీయడానికే చాలాసేపు పట్టింది. మెట్లు దిగి పోయాడు.

నేనేం చేశానో చెబుతాను. నీళ్లు తెస్తానని అనలేదు. చేయి పట్టుకోలేదు. వీధిలోకి తొంగి, ఎవరైనా చూశారా అని చూశాను. తర్వాత బ్లేడు తీసుకుని ఆ 4.05 గీకేసి 11.00 అని రాశాను. కాగితం చిల్లు పడింది. ఆ చిల్లు ఇప్పటికీ ఉంది. నిజం, న్యాయం అని పేజీకి పదిసార్లు రాసినవాడిని.

ఇంకొకటి ఉంది. ఏప్రిల్లో రాయలేకపోయింది. మీ మీద గ్రంథాలయ కమిటీకి అర్జీ పెట్టింది నేనే. పేరు పెట్టలేదు, "చైతన్యవంతుడైన పాఠకుడు" అని పెట్టాను. దాన్నే కరపత్రంగా అచ్చు వేయించి, రెండు వందల కాపీలు ఆళ్లగడ్డంతా పంచాను. కొన్ని లైబ్రరీ బల్ల మీద కూడా వదిలాను. గ్రంథాలయం నిద్రశాలగా మారిందని, గోడౌను కాపలాదారు ఒకడు "గురకవీరుడు"గా వెలుగుతున్నాడని, నిద్రపోయేవాడు పాఠకుడు కాడని రాశాను. వేళలు బాగుపడతాయనుకున్నాను. మిమ్మల్ని పంపేస్తారని అనుకోలేదు. పంపాక ఖాళీ చూసి దరఖాస్తు మాత్రం పెట్టుకున్నాను.

జరిగిందంతా కమిటీకి రాసి, మరో కరపత్రం వేసి, నా తప్పు ఊరంతా చాటుతాను. మీరేమంటే అది.

శ్రీకాంత్.


నంద్యాల,
మే 23.

అబ్బీ శ్రీకాంత్,

అర్జీ నువ్వే రాశావని నాకు తెలుసు. నీ మొదటి ఉత్తరం చదివిన రోజే తెలిసింది. సంజాయిషీ కోసం ఆ అర్జీని నా చేతికిచ్చి చదివించారు. "గడియారానికి చుట్టాలు ఉండరు" అనేది అందులో నాలుగో పేరా. అక్కడా ఇక్కడా అదే చేతిరాత, ఆ మాట కింద అదే ఎర్రగీత.

తెలిసీ ఎందుకు జవాబు రాశావని అడుగుతావు. ఈ బైండింగు గదికి ఎవరూ ఉత్తరాలు రాయరు. ఇంటి దగ్గరా అంతే. కోపంతో రాసిందైనా ఉత్తరం ఉత్తరమే. అదీ నా బలహీనత.

నీ మీద కోపం లేదని రాయను. ఉంది. అయిదు గంటలు! మే నెలలో, బోర్లించిన కుండ పక్కన. ఆ కుండ బోర్లించమని రాసిన చెయ్యి నాది. అది తలుచుకుని మూడు రోజులుగా అన్నం సయించలేదు.

కరపత్రం వేయకు. అది నీకు సులువు. బల్ల ముందు కూర్చుని రాస్తావు, చదివి నలుగురూ నిన్ను మెచ్చుకుంటారు. కృపావరం గదికి వెళ్లు. ఎదురుగా కూర్చుని చెప్పు. అతను తిడితే పడు. ఏమీ అనకపోతే అది ఇంకా కష్టం, అదీ పడు. మళ్లీ వస్తాడేమో అడుగు. రమ్మని బలవంతం చేయకు.

రిజిస్టరులో చిల్లు పక్కన జరిగింది జరిగినట్టు రాసి, నీ పేరుతో సంతకం పెట్టు. ఈసారి పేరుతో.

రుక్మిణి.


ఆళ్లగడ్డ,
మే 27.

అమ్మా,

రిజిస్టరులో రాశాను: "పాఠకుణ్ణి లోపల ఉంచి తాళం వేసినది నేను. పోయిన వేళ 4.05. గీకి దిద్దినది కూడా నేనే. శ్రీకాంత్." జూన్ ఆఖరుకు కమిటీ కార్యదర్శి తనిఖీకి వస్తారు. చూస్తారు.

ఆదివారం పదకొండుకు తాళం వేసి కృపావరం గదికి వెళ్లాను. వేసే ముందు ముప్పై రెండు కుర్చీలూ తాకాను, బీరువాల వెనక చూశాను. గోడౌను వెనక రేకుల గది. పెనం అన్నాడు, నిజంగా పెనమే. మంచానికి తడి గోనెపట్ట కట్టుకుని దాని వెనక పడుకుని ఉన్నాడు. చూసి లేవబోయాడు. నేను కిందే కూర్చున్నాను.

ఆ గురువారం అట్లనే డ్యూటీకి పోయాడట. రాత్రి గేటు దగ్గర పడిపోతే లారీవాళ్లు ఆస్పత్రికి తీసుకుపోయారు. రెండు రోజులు సెలైను పెట్టారు. "కిందపడే కాపలావాడు నాకేల?" అన్నాడట గోడౌను యజమాని. బనగానపల్లె దగ్గర వాళ్లకు మామిడి తోట ఉంది. వచ్చే నెల అయిదున ఆడికి పొమ్మన్నారు. ఇక ఆళ్లగడ్డకు రాడు. రమ్మని అడగాలని పోయాను అమ్మా. అడగడానికి ఏమీ మిగలలేదు.

"నేను పోయి మీ యజమానితో మాట్లాడ్తా. కరపత్రం రాస్తా" అన్నాను. నోరు ఊరుకోదు కదా.

"వద్దు సామీ, నీకు దండం పెడ్తా. నువ్వు మాత్రం రాయొద్దు."

అప్పుడు చెప్పాను, అర్జీ నాదేనని. తల వంచుకుని చెప్పాను.

"తెల్సులే" అన్నాడు. "బల్ల మీద పెట్టింటివి గదా. మూడు దినాలు పట్టింది చదివేదానికి. మొదట్నుంచి కొస దాకా నేను చదివిన కాగితం అదొక్కటే."

"పెద్దాయనా, మరి నాతో ఒక్క మాట..."

"ఏం మాట? గోడౌను కాపలా అని రాసినావు. ఈ ఊర్లో గోడౌను కాపలావాళ్లు ఇంకెవరు వస్తారు లైబ్రరీకి? నా వల్లే అమ్మను పంపించినారని తెల్సింది. కొత్తోనికి కూడా నా వల్ల మాట రాగూడదని బీరువాల ఎనకకు పోయినా."

ఆ కొత్తోణ్ణి నేనే.

నన్ను ఒక్క తిట్టూ తిట్టలేదు. మీరు చెప్పినట్టే అది ఇంకా కష్టంగా ఉంది. చివరికి లేచి కూర్చుని వేలు చూపించాడు.

"అయితే ఒకటి తప్పు రాసినావు. నేను గురక పెట్టను."

"ఆ?"

"గురక పెట్టే కాపలావాన్ని యావుడు పెట్టుకుంటాడబ్బీ? కూచోని కునికినా సప్పుడు రాదు నాకు. అది మీ ఫ్యాను. నడిమి ఫ్యాను. నువ్వే విను పోయి."

సోమవారం పొద్దున్నే ఒక్కడినే ఉన్నప్పుడు నడిమి ఫ్యాను వేసి కింద నిలబడ్డాను. గుర్రు గుర్రుమని అచ్చం మనిషి లాగే పెడుతుంది. రెండు వందల కాపీలు వేసే ముందు ఒక్కసారి తలెత్తి చూడలేదు.

మీరు నంద్యాలలో ఉన్నారని కూడా చెప్పాను. రెండున్నర నెలల ఆలస్యంగా.

శ్రీకాంత్.


నంద్యాల,
జూన్ 2.

అబ్బీ,

నడిమి ఫ్యాను మార్చమని కమిటీకి ఆరుసార్లు రాశాను. అది చప్పుడు చేస్తుందని చదివేవాళ్లు చెబితేనే నాకు తెలిసింది. కృపావరం గురక పెడతాడో లేదో నేను ఎన్నడూ వినలేదు. నాకు ఏదీ వినపడదు కాబట్టి నా సాక్ష్యం చెల్లదు. అతని మాటే నమ్ము.

ఆళ్లగడ్డ నుంచి బనగానపల్లెకు పోవాలంటే ఇక్కడ బస్సు మారాలి. అయిదో తేదీ పొద్దున నేను సెలవు పెట్టాను. పందొమ్మిదేళ్లలో జ్వరానికి తప్ప సెలవు పెట్టలేదు, సుకన్య రెండుసార్లు అడిగింది నిజమేనా అని. నంద్యాల బస్టాండులో బనగానపల్లె బస్సులు ఆగే చోట ఉంటాను. అతనికి చెప్పు. ఆ పొద్దు అతన్ని ఒక్కణ్ణే బస్సెక్కనీయకు.

రుక్మిణి.


ఆళ్లగడ్డ,
జూన్ 5, గురువారం.

అమ్మా,

ఈ పాటికి మీరిద్దరూ కలిసే ఉంటారు. ఏం మాట్లాడుకున్నారో నాకు రాయనక్కర లేదు. రాస్తే మాత్రం చదువుతాను.

పొద్దున ఆరున్నరకే గదికి పోయాను. సామాను అంటే ఒక రేకు పెట్టె, దుప్పటి, కర్ర. పెట్టె నేను తీసుకున్నాను. కర్ర ఇవ్వలేదు. మీరు నంద్యాల బస్టాండులో ఉంటారని మొన్ననే చెప్పాను. ఈ రోజు బస్టాండులో కుళాయి దగ్గర ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, చొక్కా పై గుండీ దాకా పెట్టుకున్నాడు. నేను చూస్తే "ఏందీ?" అన్నాడు. ఏం లేదన్నాను.

ఏడు పది బస్సు రాలేదు. ఏడున్నరకు వచ్చినది నిండుగా ఉంది. ఆ కాళ్లతో నంద్యాల దాకా నిలబడలేడు. "ఇంకోటి వస్తాదిలే, నువ్వు పో, లైబ్రరీ తీయాల" అన్నాడు. పోలేదు. ఏడు యాభై అయింది, ఎనిమిదయింది. "పో అబ్బీ, టైమైంది" అంటూనే ఉన్నాడు. ఇద్దరం రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాం. ఒక్కసారి మాత్రం, తోటలో పగలు నీడ ఉంటుందన్నాడు. అక్కడ పేపరు వస్తుందా అని అడిగాను. చూడాల అన్నాడు.

ఎనిమిది ఇరవైకి ఖాళీ బస్సు వచ్చింది. కిటికీ పక్కన కూర్చోబెట్టి, పెట్టె కాళ్ల దగ్గర పెట్టాను. దిగేటప్పుడు చేయి పట్టుకోవాలనిపించింది. ఒంటి మీద చెయ్యి పడితే ఉలిక్కిపడతాడని పట్టుకోలేదు. ఆయనే నా మణికట్టు పట్టుకుని ఒక్క క్షణం ఉంచి వదిలేశాడు. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.

లైబ్రరీకి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి ఎనిమిది నలభై అయిదు. మెట్ల మీద పోటీపరీక్షలకు చదివే అమ్మాయిలు సిరి, సాయి ప్రియ, ముసలి పార్థసారథి మాస్టారు నిలబడి ఉన్నారు. పేపర్లు మెట్ల మీదే పడి ఉన్నాయి. మాస్టారు గడియారం చూపించారు.

"ఏమప్పా శ్రీకాంత్, ఎంతయింది టైము? ఎండలో నిలబెట్టినావే ఆడపిల్లోళ్లను! నీ మీద కూడా రాయాల్నా ఏంది కమిటీకి?"

"రాయండి సార్" అన్నాను. తాళం తీశాను.

"ఇంతకూ యాడికి పోయింటివి?"

"బస్టాండుకు సార్. బస్సెక్కిచ్చి వచ్చినా."

"ఎవర్ని?"

"మన రీడర్ను."

మాస్టారు నా ముఖంలోకి చూశారు. ఆయనకు అర్థం కాలేదు. కిటికీలు తీశాను, వీధివైపువి ముందు.

శ్రీకాంత్.